మాట నేర్పే చదువు మన దగ్గరే ఉండాలి



కిందటి వేసవిలో మా మగవారి వార్డులో ఒక రైతు మూడు వారాలు ఉన్నారు. లంక గ్రామం వారు. కుడి చేయి, కుడి కాలు పడిపోయి, మూతి వంకర తిరిగి వచ్చారు. ప్రాణగండం గడిచింది. నాలుగో రోజుకి లేచి కూర్చున్నారు. కాని నోటి నుండి "అదే... అదే" తప్ప మరో మాట రాలేదు. నీళ్ళు కావాలన్నా అదే, ఫ్యాను కట్టమన్నా అదే. చూడవచ్చిన బంధువులు "పాపం, మతి పోయింది" అని ఆయన ఎదుటే అనేవారు. ఒక సాయంత్రం మంచం పక్కనే కూర్చుని ఆయన పెద్దమ్మాయికి వచ్చిన సంబంధం గురించి మాట్లాడుకుంటున్నారు. ఆయన ఎడమ చేత్తో మంచాన్ని గట్టిగా కొట్టసాగారు. అటెండరు వచ్చి, ఆయాసపడుతున్నారేమోనని పడుకోబెట్టబోయాడు.

డ్యూటీలో ఉన్న మా స్టాఫ్ నర్సు ఆయన ఎడమ చేయి పట్టుకుని, "అవునంటే నా చేయి నొక్కండి, కాదంటే వదిలేయండి" అని చెప్పి ఒక్కొక్కటే అడిగింది. ఈ సంబంధం మీకు ఇష్టమేనా? చేయి వదిలేశారు. అబ్బాయి నచ్చలేదా? వదిలేశారు. అమ్మాయి చదువు ఇంకా అవలేదనా? అప్పుడు ఆమె వేళ్ళు నొప్పి పుట్టేటట్లు నొక్కి, ఏడ్చేశారు. ఆయన భార్య నోట కొంగు పెట్టుకుని నిలబడిపోయింది. "అయితే ఈయనకి అన్నీ తెలుస్తున్నాయా సిస్టరమ్మా!" అంది.

అన్నీ తెలుస్తున్నాయి. మెదడులో ఎడమ వైపు, మాటను కూర్చే చోట రక్తం అందక దెబ్బ తింటే ఇలా జరుగుతుంది. దీనిని అఫేసియా అంటారు. కొందరిలో ఎదుటివారి మాట అర్థం చేసుకునే శక్తి కూడా తగ్గుతుంది. కొందరిలో అది చాలావరకు నిలిచి, పలికే శక్తి మాత్రం పోతుంది. అడగందే అమ్మయినా పెట్టదని మన సామెత. అడగలేనివారి సంగతి ఆ సామెత చెప్పిన పెద్దలు ఆలోచించలేదు.

ఇటువంటివారికి కాలూ చేయీ కదిలించడానికి మా దగ్గర ఫిజియోథెరపిస్టు ఉన్నారు. మాటకు మాత్రం ఎవరూ లేరు. ఆ రోజు మా నర్సు చేసినది ఆమెకు తట్టిన ఉపాయమే గాని మేము నేర్చిన విద్య కాదు. మా డిప్లొమాలో మింగలేని రోగికి ముక్కు గొట్టం వేయడం నేర్పారు. ఆ గొట్టం ఎప్పుడు తీయవచ్చో, ఎంత చిక్కటి గంజితో మొదలుపెట్టాలో, ఏ రోగి దగ్గు రాకుండానే నీరు ఊపిరితిత్తులలోకి పోనిచ్చుకుంటున్నాడో కనిపెట్టడం నేర్పలేదు. అది కూడా స్పీచ్ థెరపిస్టు పనేనని మాలో చాలామందికి ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్ళ తరువాత గాని తెలియలేదు. పక్షవాతం నుండి బయటపడి, తరువాత న్యుమోనియాతో పోయిన వారిని మేము చూశాము. ఆ కేసు షీట్లు తిరగేసినప్పుడు మాకు మనశ్శాంతి ఉండదు.

ఇప్పుడు ఈ సంగతి ఎందుకు ఎత్తామంటే, ఒక విదేశీ విశ్వవిద్యాలయం నుండి మన ఆసుపత్రికి ఉత్తరం వచ్చింది. స్పీచ్ థెరపీ విభాగం ప్రారంభించడానికి కలిసి పనిచేద్దామని వారు అడిగారు. ఆసుపత్రి కమిటీలో చర్చ జరుగుతోంది. ఒకరు వెంటనే ఒప్పుకోవాలంటారు. మరొకరు తెల్లవారు వచ్చి ఫోటోలు తీసుకుని పోవడం తప్ప ఏమీ జరగదంటారు. ఇంకొకరు ముందు గది కట్టించి, దాత పేరుతో రాతి పలక వేయిద్దామంటారు. మా అభిప్రాయం అడిగారు కనుక, ఇక్కడికి వైద్యానికి వచ్చేవారూ, కానుకలతో ఈ ఆసుపత్రిని నిలిపేవారూ మీరే కనుక, మీ ముందే చెబుతున్నాము.

మేము ఒప్పుకోవాలనే అంటున్నాము. కాని వారు ఇస్తామన్నది పుచ్చుకోవడం వేరు, మనకు కావలసినది అడగడం వేరు. ఈ తేడా మాకు అనుభవం మీద తెలిసింది.

మేము చిన్న వయసులో పనిచేసిన ఒక ఆసుపత్రికి ఇలాగే ఒక బృందం వచ్చింది. మంచివారు. ఎండలో చెమటలు కక్కుతూ పొద్దుటి నుండి రాత్రి దాకా పనిచేశారు. గ్రహణం మొర్రి ఆపరేషన్ అయిన పిల్లలనూ, మాట ఆలస్యమైన పిల్లలనూ రెండు వారాలు చూశారు. వారు తెచ్చిన పెట్టెలో రంగురంగుల బొమ్మ కార్డులు ఉన్నాయి. ఒక కార్డులో మంచుతో చేసిన మనిషి బొమ్మ. దానిని చూసి ఒక ఐదేళ్ళ పాప "తెల్ల గొబ్బెమ్మ" అంది. ఎంత చక్కగా చూసిందో! అయినా కాగితం మీద ఆ జవాబుకు తప్పు పడింది. అలాగే ఉన్ని చేతి తొడుగు, మంచు మీద లాగే బండి, రొట్టె కాల్చే యంత్రం. పిల్లకు మాట రాకపోవడానికీ, పిల్ల ఆ వస్తువు ఎన్నడూ చూడకపోవడానికీ తేడా ఆ కాగితంలో లేదు. వారు వెళ్ళిపోయాక కార్డుల పెట్టె బీరువాలోకి చేరింది. తల్లులు తరువాతి నెల కూడా పిల్లలను ఎత్తుకుని వచ్చారు. "దొరసానులు మళ్ళీ ఎప్పుడొస్తారు?" అని అడిగారు. మాకు జవాబు తెలియదు. ఆ బృందం మళ్ళీ రాలేదు.

ఆ బృందాన్ని తప్పు పట్టి లాభం లేదు. పిలిచినవారు రెండు వారాలకే పిలిచారు, వారు రెండు వారాలే ఉన్నారు.

మరోలా చేసిన దేశాలు ఉన్నాయి. వియత్నాం సంగతి చూడండి. అక్కడ 2010 వరకు ఈ విద్యకు విశ్వవిద్యాలయ స్థాయి కోర్సు లేదు. ఆ సంవత్సరం హో చి మిన్ నగరంలోని ఫామ్ ఙోక్ థాక్ వైద్య విశ్వవిద్యాలయంలో రెండేళ్ళ శిక్షణ మొదలైంది. ఆస్ట్రేలియాలోని ట్రిన్ ఫౌండేషన్ అనే చిన్న స్వచ్ఛంద సంస్థ, అక్కడి విశ్వవిద్యాలయాల అధ్యాపకులు దీనికి చేయూతనిచ్చారు. వారు ఎన్నుకున్న విద్యార్థులు అప్పటికే ఆసుపత్రులలో పనిచేస్తున్న ఫిజియోథెరపిస్టులు, నర్సులు, వైద్యులు. ఈ మాట చదివినప్పుడు మాకు ఎంతో సంతోషం కలిగింది. అంటే ఆ రెండేళ్ళ తరువాత వారు తిరిగి వెళ్ళవలసిన వార్డు ముందే ఉంది, అక్కడ వారి కోసం ఎదురుచూసే రోగులు ముందే ఉన్నారు. ఆస్ట్రేలియా ఉపాధ్యాయులు వంతులవారీగా వచ్చి పాఠం చెబుతుంటే పక్కన దుబాసి నిలబడి వియత్నామీలో చెప్పేవారు. మొదటి తరగతి 2012లో పట్టా పుచ్చుకుంది. ఇరవై మంది కూడా లేరు. అయితే తరువాత వచ్చినవారికి నేర్పే పనిలో ఆ మొదటివారు కూడా చేరారు.

దుబాసితో పాఠం చెప్పడం వినడానికి తేలికగా ఉంటుంది గాని, ఈ విద్యలో అది చాలా చిక్కు. గుండె ఏ దేశంలోనైనా ఒకేలా కొట్టుకుంటుంది. భాష అలా కాదు. వియత్నామీలో 'మ' అనే ఒక్క అక్షరాన్ని గొంతు ఎత్తి, దించి, విరిచి పలికితే దయ్యం, తల్లి, కాని, వరి నారు, సమాధి, గుర్రం అని వేరువేరు అర్థాలు వస్తాయి. ఇంగ్లీషు బిడ్డ కోసం చేసిన పరీక్షలో ఆ రాగాలకు చోటే లేదు. కనుక ఏ వయసు పిల్లవాడు ఏ ధ్వని పలకాలి, పక్షవాతం వచ్చిన మనిషికి ఏ వాక్యం ఇచ్చి చూడాలి అన్నవి అక్కడివారే కూర్చుని తయారు చేసుకోవలసిందే. పరాయి భాషవారు ఎలా తయారు చేయాలో చెప్పగలరు. తయారు చేసి ఇవ్వలేరు.

మన తెలుగు సంగతీ అంతే. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. ల, ళ వేరు, న, ణ వేరు. ఒక క్రియకే ఎవరు, ఎప్పుడు, ఎందరు అన్నీ చివర తగిలిస్తాం. "వచ్చాడు", "వచ్చింది", "వచ్చారు" అనడంలో ఎవరికి ఎంత మర్యాద ఇచ్చామో కూడా తెలుస్తుంది. పక్షవాతం తరువాత ఒక పెద్దాయన తన తండ్రిని "వచ్చాడు" అంటే అది పొగరు కాదు, జబ్బు. ఇది పట్టుకోవడానికి తెలుగు చెవి కావాలి. అంగిలి చీలిన పిల్లలలో నోటిలో గాలి నిలవక ముక్కులోకి పోతుంది. "పాప" అనబోతే "మామ" అన్నట్లు వినిపిస్తుంది. ఆపరేషన్‌తో చీలిక మూసుకున్నా, అలవాటైన పలుకు చాలామంది పిల్లలలో దానంతట అది మారదు. పక్కన కూర్చుని నెలల తరబడి "ప... ప... పప్పు" అనిపించేవారు ఉండాలి. ఆ పప్పు అన్న మాట తెలిసినవారే అనిపించాలి.

మనకు దగ్గరలోని శ్రీలంకలో కూడా కెలనియ విశ్వవిద్యాలయం 1997లో ఈ శిక్షణ ప్రారంభించినప్పుడు లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ తోడ్పడింది. అక్కడ మరో చిక్కు, సింహళం ఒకటి, తమిళం ఒకటి. వారూ డిప్లొమాతో మొదలుపెట్టి, క్రమంగా డిగ్రీకి ఎదిగారు.

ఇది మాకు కొత్త కథ కాదు. మా నర్సుల చరిత్రే ఇది. వేలూరులో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఆసుపత్రిలో 1909లో నర్సుల శిక్షణ మొదలైనప్పుడు నేర్పినవారు సముద్రం దాటి వచ్చినవారు. 1946కి అది డిగ్రీ చదువు అయింది. ఈనాడు ఆ కళాశాలలో పాఠాలు చెప్పేవారు ఈ దేశపు నర్సులు. మంచి ఇంటి ఆడపిల్లలు పరాయివారి మలమూత్రాలు ఎత్తుతారా అని ఆ రోజులలో ఎందరో అన్నారు. నేర్పడానికి వచ్చినవారు రెండు వారాలు ఉండి, పట్టీలు కట్టి వెళ్ళిపోయి ఉంటే మేము ఈనాడు ఈ తెల్ల చీర కట్టుకుని ఉండేవారం కాము.

ఇక కమిటీలో ఒక పెద్దమనిషి అడిగిన ప్రశ్న: "మన దేశంలో లేరా? విదేశాలకు ఎందుకు పోవాలి?" చాలా న్యాయమైన ప్రశ్న. ఉన్నారు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965 నుండి ఉంది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో ఆలీ యావర్ జంగ్ సంస్థవారి ప్రాంతీయ కేంద్రం ఉంది. అఫేసియాకు ప్రపంచమంతటా వాడే ఒక పరీక్షను మైసూరువారు తెలుగులోకి మలిచారు కూడా. ఇంట్లో ఉన్నది చూడకుండా పొరుగింటికి చేట కోసం పోకూడదు. మా అభిప్రాయంలో ఆ విదేశీ విశ్వవిద్యాలయానికి జవాబు వ్రాయడానికి ముందే మైసూరుకూ, సికింద్రాబాదుకూ ఉత్తరాలు పోవాలి. ఒప్పందంలో వారిని మూడో భాగస్వామిగా కూర్చోబెట్టాలి. ఈ పనిచేసేవారికి భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కనుక, మన పిల్లలకు గుర్తింపు ఉన్న పట్టా రావాలన్నా ఈ దేశపు సంస్థే ఇవ్వాలి. విదేశీయులు ఇచ్చే రంగు సర్టిఫికెట్టు గోడకు బాగుంటుంది.

అయితే విదేశీయుల అవసరం లేదా అంటే, ఉంది. మింగడంలో ఇబ్బందిని మంచం దగ్గరే పరీక్షించే పద్ధతి, నర్సులకూ థెరపిస్టులకూ పని పంచే తీరు, మాట రానివారి కుటుంబాలను ఒకచోట కూర్చోబెట్టి నేర్పే పద్ధతి, ఇవన్నీ వారి ఆసుపత్రులలో రోజూ జరిగే పనులు. నేర్చుకుంటున్నవారి పక్కన నిలబడి తప్పు దిద్దడమే ఒక పెద్ద పని. 2020లో కోవిడ్ వచ్చిన తరువాత ఆ దిద్దడం కొంతవరకు వీడియోలో కూడా చేయవచ్చని అందరమూ నేర్చుకున్నాము. ప్రతిసారీ విమానం ఎక్కనవసరం లేదు.

వారు మన దగ్గర నేర్చుకునేదీ ఉంది. ఈ మాట గర్వంతో చెప్పడం లేదు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు, స్కాట్లండులోని ఎడింబరో విశ్వవిద్యాలయం వారు కలిసి 608 మంది పక్షవాత రోగుల వివరాలు పరిశీలించి 2016లో ప్రచురించారు. రెండు, అంతకంటె ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో సుమారు 40 శాతం మందికి జబ్బు తరువాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా నిలిచింది. ఒకే భాష తెలిసినవారిలో 20 శాతం మందికే నిలిచింది. అఫేసియా రావడంలో మాత్రం తేడా కనిపించలేదు. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ, ఆఫీసులో ఇంగ్లీషు మాట్లాడే హైదరాబాదు కనుకనే ఆ పరిశీలన అక్కడ సాధ్యమైంది. అందులో రోగులు మనవారు, వైద్యులూ మనవారే. ప్రచురించిన పేర్లలో మొదటి పేరు మనవారిదే. భాగస్వామ్యం అంటే అలా ఉండాలి. మన పిల్లల చీలిన పెదవి ఫోటోలు వారి కరపత్రాలకు పోవడం భాగస్వామ్యం కాదు. తల్లి అనుమతి లేకుండా ఈ ఆసుపత్రిలో ఫోటో తీయడానికి మేము ఒప్పుకోము. ఈ ఒక్క విషయంలో మాతో బేరాలు లేవు.

అసలు కష్టం డబ్బు దగ్గర వస్తుంది. విదేశీ నిధులు ఎప్పుడు ఆగుతాయో చెప్పలేము. 2025లో అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడినప్పుడు ఎన్నో దేశాలలో ఆరోగ్య పథకాలు మధ్యలో నిలిచిపోయాయి. అప్పటికి చదువుకున్నవారి చదువును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. కనుక గదికి, ఏసీకి, రాతి పలకకు పెట్టే సొమ్ము ముందు ఇద్దరు పిల్లల చదువుకు పెట్టమని మా మనవి. స్పీచ్ థెరపీ డిగ్రీ నాలుగేళ్ళు, అందులో చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. ఇద్దరూ తిరిగి వచ్చేలోపు జీతంతో కూడిన రెండు పోస్టులు మన ఆసుపత్రి పుస్తకాలలో ఉండాలి. పోస్టు లేకుండా చదివిస్తే ఏమవుతుందో మాకు తెలుసు. మేము నేర్పిన ఎందరో అమ్మాయిలు ఈనాడు గల్ఫులో, ఐర్లండులో ఉన్నారు. వారిని ఒక్క మాట అనము, ఇక్కడి జీతంతో వారు తమ్ముళ్ళను చదివించలేకపోయేవారు. అలాగని ఊరంతా చందా వేసుకుని చదివించిన పిల్లను చేజేతులా పంపుకోవడం తెలివైన పని కాదు.

నాలుగేళ్ళు అంటే చాలామంది పెదవి విరుస్తున్నారు. ఈలోగా ఏం చేయాలి? విదేశీ బృందం మొదటి రాకలోనే మా నర్సులకు మింగే పరీక్ష నేర్పాలని కోరాము. ఇంటి దగ్గర మీరు చేయగలిగినవీ ఉన్నాయి. పక్షవాతం వచ్చిన మనిషికి పడుకోబెట్టి నీళ్ళు పోయకండి. నిటారుగా కూర్చోబెట్టి, ఒక్కొక్క చెంచా, మింగారని చూశాకే మరొకటి. తాగిన తరువాత గొంతు గురగురలాడినా, దగ్గు వచ్చినా ఆపి మాకు చూపించండి. వారి ఎదుట వారి గురించి లేనివారిలా మాట్లాడకండి. పిల్లల విషయంలో "వాళ్ళ నాన్నకూ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి" అని కూర్చోకండి. ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరగని బిడ్డకు, రెండేళ్ళకు రెండు మాటలు కలపని బిడ్డకు ముందు చెవి పరీక్ష చేయించాలి. వస కొమ్ము అరగదీసి నాలుకకు రాసినంత మాత్రాన వినపడని చెవికి వినిపించదు. దానికోసం పోగొట్టుకునే రెండేళ్ళు బిడ్డకు మళ్ళీ రావు.

మరొక పని మేమే మొదలుపెట్టాము. ఓపీ చీట్ల కౌంటరు పక్కన ఒక పెద్ద రిజిస్టరు పెట్టాము. మీ ఇంట్లో, మీ పొలంలో, మీ వంటింట్లో రోజూ అనే మాటలు, మాట పోయిన మనిషి ముందుగా అడగాలనుకునే మాటలు అందులో వ్రాయమని కోరుతున్నాము. వ్రాయడం రానివారు చెబితే కౌంటరులోని అమ్మాయి వ్రాస్తుంది. మన పాఠశాల డ్రాయింగు మాస్టారు ఒక్కొక్క మాటకూ బొమ్మ వేసి ఇస్తామన్నారు. విదేశీయులు వచ్చేనాటికి వారి పెట్టె విప్పవలసిన పని లేకుండా మన కార్డులు మన దగ్గర ఉండాలని మా కోరిక. ఇప్పటికే రోకలి, తట్ట, తాటి ముంజ, దోమతెర, కొబ్బరి ఈనెల చీపురు, పెన్షను, మనుమడు చేరాయి.

పోయిన వారం ఆ రైతు చెకప్‌కు వచ్చారు. కర్ర పట్టుకుని నడుస్తున్నారు. "అదే"తో పాటు ఇప్పుడు భార్య పేరు వస్తోంది, "వద్దు" కూడా వస్తోంది. అమ్మాయి పెళ్ళి మాట ఆగింది, కాలేజీకి పోతోందట. భార్య రిజిస్టరు దగ్గరకు వెళ్ళి, కౌంటరు అమ్మాయితో ఏదో చెప్పి, మా వైపు చూసి నవ్వింది. ఏమిటా అని వెళ్ళి చూస్తే "చుట్ట" అని ఉంది. "ఆయన రోజంతా అడగాలని చూసేది అదొక్కటేనండి" అంది. పక్షవాతం వచ్చిన మనిషికి చుట్ట ఎలా ఇస్తామని మేము కోప్పడ్డాము. మాట మాత్రం కొట్టివేయలేదు. డ్రాయింగు మాస్టారికి పంపిన జాబితాలో అది కూడా ఉంది.